గోల్డెన్‌ఐ 007: చిన్నప్పటి జ్ఞాపకాల్లేకుండా ఆడితే

గోల్డెన్‌ఐ 007 అనే జేమ్స్ బాండ్ వీడియో గేమ్ గురించి ఎవరు రాసినా దాదాపు ఒకే కథ చెప్తారు. నలుగురు ఫ్రెండ్స్, ఒక టీవీ, నాలుగు కంట్రోలర్లు, శనివారం రాత్రి, గేమ్‌లో ఆడ్‌జాబ్ అనే పాత్రని ఎంచుకున్నవాణ్ణి మిగతా ముగ్గురూ కలిసి తిట్టడం. 1997లో అమెరికాలోనో ఇంగ్లండులోనో స్కూలుకెళ్తున్న పిల్లలు ఇప్పుడు పెద్దోళ్ళై రాస్తున్నవి ఇవన్నీ. చదవడానికి హాయిగానే ఉంటాయి, కానీ చదివాక మనకి తెలిసేది వాళ్ళ చిన్నతనం బాగా గడిచిందని, గేమ్ బాగుందో లేదో కాదు. మొన్నామధ్య ఒక పాడ్‌కాస్ట్‌లో కూడా ఇదే పాట, గంటసేపు పొగిడి పొగిడి చివర్లో ఇప్పుడు మాత్రం ఆడకండి, జ్ఞాపకం పాడైపోతుంది అని తేల్చారు. పాడవడానికి నా దగ్గర అసలు జ్ఞాపకమే లేదు కదా, మరి నాబోటివాడు ఆడితే ఏమవుతుంది అనిపించింది.

ఎందుకు లేదంటే, మా తరంలో మనవైపు ఈ గేమ్ వచ్చిన నింటెండో 64 కన్సోల్ చూసినవాళ్ళు చాలా తక్కువ. మాకు టీవీ గేమ్ అంటే సమురాయ్ లేకపోతే దాని నకళ్ళు, క్యాసెట్ మీద 9999 గేములని రాసుంటే లోపల పదో పదిహేనో ఉండేవి, మిగతావన్నీ అవే రంగు మార్చి. కాంట్రా, మారియో, బాతుల్ని కాల్చే ఆట. అక్కణ్ణించి నేరుగా నెట్ సెంటర్‌లోకి దూకాం, గంటకింతని కట్టి కౌంటర్ స్ట్రైక్, ప్రాజెక్ట్ ఐజీఐ. మధ్యలో ఒక మెట్టు ఉందని, ఆ మెట్టు మీద జనం కంట్రోలర్ పట్టుకుని త్రీడీలో తుపాకీ గేములు ఆడటం నేర్చుకున్నారని నాకు తెలిసేసరికి ఉద్యోగం కూడా వచ్చేసింది.

2023 జనవరిలో ఇది నింటెండో స్విచ్‌లోకి, ఎక్స్‌బాక్స్‌లోకి మళ్ళీ వచ్చింది. మా అక్క వాళ్ళింట్లో స్విచ్ ఉంది, అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, సెలవుల్లో ఇద్దరం కలిసి కూర్చున్నాం. వాడికి కూడా దీంతో ఏ అనుబంధమూ లేదు, పైగా వాడి దృష్టిలో ఇది నేను పుట్టిన కాలం నాటిది. అంటే పాత అభిమానమనేది లేని ఇద్దరు మనుషులు ఆడారన్నమాట. మొత్తం ఆడాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఏంటంటే, అందరూ గుర్తుపెట్టుకున్న మల్టీప్లేయరే ఇవాళ ఈ గేమ్‌లో బలహీనమైన ముక్క, ఎవరూ పెద్దగా మాట్లాడని ఒంటరి మిషన్లే అసలు సరుకు. సినిమాని గేమ్‌గా మార్చడమనే పనిని ఇంత తెలివిగా చేసినది నేనింకోటి చూళ్ళేదు. వీళ్ళు సినిమా కథ జోలికి పెద్దగా పోలేదు, సినిమా జరిగిన చోట్లని తీసుకున్నారు. నా వాదనంతా ఇదే, మిగతాదంతా దీనికి సాక్ష్యం, కొన్ని అనుమానాలు.

సినిమా వెళ్ళిపోయాక వచ్చింది

సినిమా 1995 నవంబరులో రిలీజైంది, పియర్స్ బ్రాస్నన్‌కి బాండ్‌గా మొదటిది. గేమ్ వచ్చింది 1997 ఆగస్టులో. అంటే సినిమా థియేటర్లలోంచి పోయి, వీడియో క్యాసెట్ కూడా పాతబడి, తర్వాతి బాండ్ సినిమా ఇంకో నాలుగు నెలల్లో ఉందనగా వచ్చింది. వ్యాపారం లెక్కలో ఇది ఘోరం. సినిమా గేములు సాధారణంగా ఎందుకు చెత్తగా ఉంటాయో అందరికీ తెలిసిందే, పోస్టర్ పడే రోజుకి డబ్బా షాపులో ఉండాలి, కాబట్టి వండినంత వడ్డిస్తారు. ఇక్కడ ఆ డెడ్‌లైన్ దాటిపోయింది, దాటిపోయినా ఆపకుండా పని చెయ్యనిచ్చారు. నన్నడిగితే ఈ గేమ్ అదృష్టంలో సగం అదే.

తయారుచేసింది ఇంగ్లండులో ట్వైక్రాస్ అనే పల్లెటూళ్ళో ఉండే రేర్ కంపెనీ. మార్టిన్ హాలిస్ అనే ఆయన నాయకత్వంలో చిన్న టీము, పట్టుమని పదిమంది, వాళ్ళలో ఎక్కువమందికి ఇదే మొదటి గేమ్. ముందు దీన్ని పాత సూపర్ నింటెండో మీద పక్కకి నడుస్తూ ఆడే టూడీ ఆటగా అనుకున్నారు, తర్వాత వర్చువా కాప్‌లాగా పట్టాల మీద మనల్ని తోసుకుపోతుంటే కాల్చుకుంటూ పోయే ఆటగా మొదలెట్టారు, ఆ తర్వాతే మన ఇష్టమొచ్చినట్టు తిరిగే ఆట అయింది. ఒంట్లో ఎక్కడ తగిలితే అక్కడ పట్టుకుని మూలగడం, తలకి తగిలితే ఒక్క దెబ్బకే పోవడం లాంటివి ఆ వర్చువా కాప్ మోజులోంచి వచ్చినవే.

కానీ నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది వేరే. సినిమా షూటింగ్ జరిగింది లీవ్స్‌డెన్‌లో, అది ఒకప్పుడు విమానాల ఫ్యాక్టరీ. ఈ టీము వాళ్ళు అక్కడికి వెళ్ళి సెట్లు చూశారు, ఫోటోలు తీసుకున్నారు, ప్లాన్లు తెచ్చుకున్నారు. తెచ్చుకుని ఏం చేశారంటే, ముందు కట్టడాలు కట్టేశారు. ఆటగాడు ఎక్కణ్ణించి మొదలవుతాడు, ఎటు బయటికెళ్తాడు, ఎవణ్ణి ఎక్కడ నిలబెట్టాలి అనేది తర్వాత చూసుకున్నారు. హాలిస్ 2004లో ఇచ్చిన ఒక ప్రసంగంలో ఈ సంగతి చెప్పాడు, గేమ్ డిజైన్ పాఠాల ప్రకారం ఇది తప్పుడు పద్ధతి, కానీ అందువల్లే లెవెల్స్‌లో మన పనికి సంబంధం లేని గదులు మిగిలాయని, అందుకే అవి నిజం చోట్లలా ఉన్నాయని.

ఇది ఆడేటప్పుడు ఒంటికి తెలుస్తుంది. ఈ రోజుల్లో గేములో ఒక గదిలోకి వెళ్తే ఆ గది మనకోసమే ఉంటుంది, లోపల బుల్లెట్లనో ఒక డైరీనో పెట్టి ఉంచుతారు, ఏమీ లేకపోతే అసలు తలుపే తెరుచుకోదు. ఇక్కడ ఫెసిలిటీ అనే లెవెల్లో తలుపు తీస్తే ఉత్త గది. ఏమీ లేదు. మూసేసి పక్కది తియ్యాలి. మా వాడు మొదట్లో "ఇక్కడేం లేదేంటి మామయ్యా, బగ్గా?" అన్నాడు. బగ్గు కాదురా, ఫ్యాక్టరీ అన్నాక ఖాళీ గదులుండవా అన్నాను. డ్యామ్ లెవెల్లో నీళ్ళకవతల ఒక చిన్న దీవి కనపడుతుంది, స్నైపర్ రైఫిల్లోంచి చూస్తే దాని మీద ఏదో కట్టడం కూడా ఉంటుంది, కానీ అక్కడికి వెళ్ళే దారే లేదు. అనుకున్నదేదో మానేసి, దీవిని మాత్రం అలా వదిలేశారు. దాని మీద జనం ఏళ్ళ తరబడి కథలు అల్లారు.

బాండ్ అడుగు పెట్టని చోటు

సినిమా చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, సెవెర్నయా అనే మంచుదిబ్బలో రష్యన్ కంట్రోల్ సెంటర్. విలన్లు జెనియా ఆనటాప్, జనరల్ ఊరుమోవ్ వచ్చి అందర్నీ కాల్చేసి గోల్డెన్‌ఐ అనే ఉపగ్రహ ఆయుధాన్ని నడిపే పరికరం ఎత్తుకుపోయేది అక్కడే, ఆ కాల్పుల్లోంచి నటల్యా అనే ప్రోగ్రామర్ ఒక్కతే బతికి బయటపడుతుంది. బాండ్ ఇదంతా లండన్‌లో తెర మీద శాటిలైట్ బొమ్మల్లో చూస్తాడు తప్ప ఆ చోటుకి సినిమా మొత్తంలో వెళ్ళడు. గేమ్‌లో మాత్రం వెళ్తాడు, అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. సర్ఫేస్, బంకర్ అని ముందొకసారి, కొన్నేళ్ళు గడిచాక అవే చోట్లు మళ్ళీ. మొదటిసారి మంచులో పగటిపూట, రెండోసారి ఆకాశం ఎర్రగా చీకటి పడుతూ ఉంటుంది. రెండోసారి బంకర్లో మనం మొదలయ్యేదే జైలు గదిలో, పక్క గదిలో నటల్యా, చేతిలో తుపాకీ లేదు, వాచీలో ఉన్న అయస్కాంతంతో తాళం చెవి లాక్కోవాలి.

కథకి కట్టుబడే మనిషైతే ఈ పని చెయ్యడు. సినిమాలో లేదు కదా అంటాడు. వీళ్ళు అడిగిన ప్రశ్న వేరేలా ఉంది, ఇంత మంచి సెట్ ఉంది, ఇందులో గూఢచారి పనేముంటుంది అని. పని దొరికింది, పెట్టారు. ఒకసారి తిరిగిన చోటే కాబట్టి రెండోసారికి మనకి మూలలు తెలుసు, ఏ మెట్ల కింద ఎవడుంటాడో తెలుసు, ఆ తెలిసినతనమే మనకి ఆయుధం. ఇది సినిమా ఇవ్వలేని సుఖం.

రైలు సీను ఇంకా బాగా కుదిరింది. సినిమాలో బాండ్ వాచీ లేజర్‌తో పెట్టె నేలని కోస్తుంటే నటల్యా కంప్యూటర్ ముందు కూర్చుని, తనతో పనిచేసి శత్రువులతో చేతులు కలిపిన బోరిస్ ఎక్కడున్నాడో పట్టుకుంటుంది, మనం సీటు అంచున కూర్చుని చూస్తాం, వాళ్ళు బయటపడతారని మనకి తెలుసు. గేమ్‌లో నేల కొయ్యడం మన పని, ఆమె పని ఆమెది. తేలిక స్థాయిలో కోసి దూకేస్తే అయిపోతుంది. పై స్థాయిలో ఆమె జానస్ అనే విలన్ ముఠా స్థావరం కనిపెట్టేదాకా, బోరిస్ పాస్‌వర్డ్ పట్టేదాకా ఆగాలి, గడియారం పరిగెడుతూ ఉంటుంది, ముందే దూకితే మిషన్ పోయినట్టే. కన్నం తయారుగా ఉంది, కాళ్ళు దూకమంటున్నాయి, ఈవిడ ఇంకా టైపు చేస్తోంది. సినిమాలో ఉన్న టెన్షనే, కానీ ఇక్కడ నిర్ణయం మనది కాబట్టి చెమట కూడా మనదే.

చోటు గురించి చెప్తున్నాను కాబట్టి ఇదొకటి. క్లైమాక్స్‌లో క్యూబాలో ఉన్నట్టు చూపించిన పెద్ద యాంటెన్నా నిజానికి పోర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోప్, 2020 డిసెంబరులో కూలిపోయింది. గేమ్‌లో క్రేడిల్ అనే లెవెల్ దాని వేషమే, విలన్ ట్రెవెల్యాన్ వెనకాల దాని మీద పరిగెత్తుతూనే ఉండొచ్చు.

కష్టం పెంచడమంటే పని పెంచడం

ఇప్పటి షూటర్లలో చాలావాటికి హార్డ్ అని నొక్కితే జరిగేది ఒకటే, శత్రువుకి ప్రాణం ఎక్కువ, మనకి తక్కువ. అదే కారిడార్, అదే పని, ఎక్కువసార్లు చావడం. గోల్డెన్‌ఐలో ఏజెంట్, సీక్రెట్ ఏజెంట్, 00 ఏజెంట్ అని మూడు స్థాయిలు. దెబ్బలు గట్టిగా తగలడం, ఒంటికి వేసుకునే కవచాలు తగ్గిపోవడం ఇక్కడా ఉంది, కానీ అసలు తేడా పనుల జాబితాలో ఉంటుంది.

డ్యామ్‌నే తీసుకోండి. ఏజెంట్‌లో ఒకటే పని, చివరిదాకా వెళ్ళి దూకాలి. మా వాడు రెండు నిమిషాల్లో అందర్నీ దాటుకుని పరిగెత్తి దూకేశాడు, దూకేసి "ఇంతేనా? దీనికా ఇంత బిల్డప్పు" అని నావైపు చూశాడు. ఆ చూపుకి నా దగ్గర సమాధానం లేదు, ఆ స్థాయిలో నిజంగానే ఇంతే. 00 ఏజెంట్‌లో పెట్టిచ్చాను. మళ్ళీ అలాగే పరిగెత్తి దూకాడు. మిషన్ ఫెయిల్డ్. అలారాలు పగలగొట్టలేదు, మోడెమ్ అతికించలేదు, డేటా కాపీ చెయ్యలేదు. అప్పుడు మొదటిసారి మిషన్ ఫైల్ తెరిచి బాండ్ బాస్ ఎమ్ ఏం రాసింది, పరికరాలు తయారుచేసిచ్చే క్యూ ఏం రాశాడు చదివాడు. డ్యామ్ కిందకి నిచ్చెన దిగితే గదులున్నాయని అప్పుడే తెలిసింది వాడికి, మొదటిసారి వాటి పైనుంచే పరిగెత్తాడు. ఏజెంట్‌లో కూడా ఆ గదులు అక్కడే ఉన్నాయి, పనే లేదు. చోటు ముందు కట్టి పని తర్వాత పెట్టడం వల్ల వచ్చిన లాభం ఇదిగో ఇది, ఒకే చోటు మూడు రకాల ఉద్యోగాలకి సరిపోయింది.

ఫెసిలిటీ గురించి చెప్పకుండా ఉండలేను. గాలిగొట్టంలోంచి పాకి మరుగుదొడ్లోకి దిగడంతో మొదలవుతుంది, సినిమాలో కూడా అంతే. పై స్థాయిల్లో లోపల మన మనిషి ఒకడు సైంటిస్టు వేషంలో ఉంటాడు, డాక్టర్ డోక్, ఈ గేమ్ చేసినవాళ్ళలో ఒకడైన డేవిడ్ డోక్ పేరే పెట్టేశారు, కాపలావాళ్ళ మొహాలు కూడా ఆఫీసువాళ్ళవే. అతను ఒక్కోసారి ఒక్కో గదిలో ఉంటాడు. కాబట్టి మనం తుపాకీ పట్టుకుని తలుపు తియ్యగానే తెల్లకోటు కనపడితే కాల్చకూడదు, వాడు డోక్ కావచ్చు, కాకపోయినా సైంటిస్టుల్ని ఎక్కువమందిని చంపితే మిషన్ పోతుంది. షూటర్ గేమ్‌లో ట్రిగ్గర్ మీద వేలు ఆపడం నేర్పించే గది ఇది. మా వాడు, రోజూ ఫోన్‌లో బీజీఎమ్ఐ ఆడి కనపడ్డవాణ్ణి కాల్చడం చేతుల్లోకి ఎక్కించుకున్నవాడు, ఇక్కడ డోక్‌ని చూసీ చూడగానే లేపేశాడు. తలుపు తెరిచే పరికరం ఇవ్వాల్సినవాడే పోతే మిషన్ ఇంకెక్కడిది. వాడి మొహం చూసి నవ్వాగలేదు నాకు.

చప్పుడు కూడా అంతే. సైలెన్సర్ ఉన్న పీపీ7తో ఒకణ్ణి కాలిస్తే పక్క గదివాడికి తెలియదు. అదే కేఎఫ్7తో తడతడా పేలిస్తే మూల మూలల నుంచీ వచ్చి పడతారు. బ్రాస్నన్ నవ్వు, మాటలు, సూటు ఏవీ ఈ గేమ్‌లోకి రాలేదు గానీ ఈ నిశ్శబ్దం వచ్చింది. ఐజీఐ ఆడినవాళ్ళకి ఈ భయం బాగా పరిచయం, అలారం మోగిందంటే బ్యారక్స్‌లోంచి గుంపుగా దిగేవాళ్ళు. ఐజీఐలో మాత్రం మధ్యలో సేవ్ లేదు, మిషన్లేమో మైళ్ళు మైళ్ళు, కొండమీంచి నడిచి నడిచి చివర్లో చస్తే నెట్ సెంటర్లో కట్టిన గంట డబ్బులు గోవిందా. గోల్డెన్‌ఐలో కూడా మధ్యలో సేవ్ లేదు, కానీ లెవెల్స్ చిన్నవి, పోయినా కోపం రాదు, ఇంకోసారి చూద్దాం అనిపిస్తుంది. ఈ ఒక్క తేడా వల్ల ఒకటి సాధన అయింది, ఇంకోటి శిక్ష అయింది. ఐజీఐ అభిమానులు కొట్టకండి, నేనూ మీలో ఒకణ్ణే.

నా వాదనకి అడ్డొచ్చేవి

మొదటిది, కథ. సినిమా చూడనివాడికి ఈ గేమ్ కథ ఒక్క ముక్క అర్థం కాదు. గొంతులు లేవు, మాటలు అక్షరాల్లో వచ్చి పోతాయి. సినిమాకి గుండెకాయ ఏంటి, 006 ట్రెవెల్యాన్ చచ్చిపోయాడనుకున్న స్నేహితుడు, తొమ్మిదేళ్ళ తర్వాత శత్రువుగా ఎదురొస్తాడు, అతని తల్లిదండ్రులు బ్రిటన్ మోసం చేసిన కొసాక్కులనే రష్యన్ యోధుల వర్గంవాళ్ళు, ఆ పగ ఇది. విగ్రహాల పార్కులో చీకట్లోంచి షాన్ బీన్ నడుచుకుంటూ వచ్చే సీను చూస్తే ఇప్పటికీ బాగుంటుంది. గేమ్‌లో అదే చోట మా వాడు అడిగాడు "ఎవడు మామయ్యా వీడు?" అని. ఫెసిలిటీలో నీ పక్కనున్నవాడేరా అంటే, ఓహో అన్నాడు అంతే. కథని వదిలేశారని పైన పొగిడాను కదా, దాని ధర ఇక్కడ కట్టాల్సొచ్చింది. 1997లో ఈ గేమ్ కొన్నవాళ్ళలో చాలామంది సినిమా చూసే ఉంటారు కాబట్టి చెల్లిపోయింది, ఇప్పుడు చెల్లదు.

రెండోది, ఇన్ని శవాలేంటి. సినిమా బాండ్ కూడా చంపుతాడు గానీ ఇక్కడ లెక్కే లేదు. ఈ సంగతి తయారయ్యే రోజుల్లోనే మారియోని సృష్టించిన నింటెండో ఆయన షిగెరు మియమోటోకి తోచిందట, అందరూ చచ్చారు కాబట్టి చివర్లో బాండ్ ఆస్పత్రికెళ్ళి వాళ్ళందరితో చెయ్యి కలిపితే బాగుంటుందని ఫ్యాక్స్ పంపించాడని హాలిస్ చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. పెట్టలేదు గానీ, పెట్టుంటే ఆ మనుషుల మొహాలన్నీ ఆఫీసువాళ్ళవే కాబట్టి భలే ఉండేది. చంపకుండా గడిపే దారి కొన్ని చోట్ల ఉంది, చాలాచోట్ల లేదు. గూఢచారి గేమ్ అని నేను ఎంత అన్నా, కంట్రోల్ లెవెల్‌కి వచ్చేసరికి ఇది శుద్ధమైన కాల్పుల ఆటే.

ఆ కంట్రోల్ గురించి. నటల్యా కంప్యూటర్ దగ్గర పని చేసుకుంటుంటే నాలుగు వైపుల నుంచీ వచ్చేవాళ్ళని మనం ఆపాలి, ఆమెకి తూటా తగిలితే మొదటికి రావాలి. ఆమెకి దాక్కోవాలన్న ఇంగితం లేదు. ఒకోసారి మన తుపాకీ ముందుకే వచ్చి నిలబడుతుంది. దీన్ని సమర్థించడానికి నాకు మనసొప్పలేదు, ఎవరైనా ఇది కావాలనే పెట్టిన సవాలు అంటే నమ్మకండి. జంగిల్‌లో ఆమె చేతికి మ్యాగ్నమ్ ఇచ్చారు, అక్కడ నాకంటే బాగా కాల్చింది.

మూడోది, చేతికి పట్టు దొరకకపోవడం. నింటెండో 64 కంట్రోలర్‌కి తిప్పే పుల్ల ఒక్కటే, ఇప్పుడు మనకి రెండు పుల్లలు అలవాటు. స్విచ్‌లో పాత కంట్రోల్స్‌నే కొత్త బటన్ల మీదకి సర్దారు, మొదటి గంటంతా బాండ్ తాగినవాడిలా గోడల్ని గుద్దుకుంటూ తిరిగాడు. గేమ్ లోపల కంట్రోల్ స్టైళ్ళున్నాయి, ఒక్కోదానికీ ఒక్కో బాండ్ హీరోయిన్ పేరు, సాలిటేర్ అన్నది పెట్టుకుని, ఆపైన స్విచ్ సెట్టింగుల్లోకెళ్ళి పుల్లల్ని అటుదిటు చేసుకుంటే మామూలు షూటర్‌కి దగ్గరగా వస్తుంది. ఎక్స్‌బాక్స్ వెర్షన్‌లో ఈ గొడవ లేదు, రెండు పుల్లల పద్ధతి ముందే ఇచ్చారు. పొగ, పేలుడు ఎక్కువైతే బొమ్మ తడబడటం మాత్రం పాత మిషన్ మీద ఇంకా ఘోరంగా ఉండేదట, మొత్తం గేమ్ 12 మెగాబైట్ల క్యాట్రిడ్జ్‌లో పట్టించారు, ఇవాళ మన ఫోన్లో ఒక ఫోటో అంత.

మల్టీప్లేయర్ సంగతి

ఇక పేరుమోసిన ముక్క. నలుగురూ ఒకే టీవీ మీద ఆడే ఈ మోడ్ మొదటి ప్లాన్‌లో లేదు, పని ముగిసే నెలల్లో స్టీవ్ ఎల్లిస్ అనే ప్రోగ్రామర్ కూర్చుని జోడించాడు. చివర్లో తగిలించినది చరిత్రలోకి ఎక్కడం గమ్మత్తే, దాన్ని తక్కువ చెయ్యను, ఆ రోజుల్లో కన్సోల్ మీద అలాంటిది దాదాపు లేదు. 80 లక్షలకి పైగా కాపీలు అమ్ముడుపోవడంలో దాని వాటా పెద్దదే అయ్యుంటుంది.

కానీ ఇవాళ? మా వాడు వాడి ఫ్రెండ్స్‌ని ముగ్గుర్ని పిలిచాడు, పకోడీలు వేయించింది అక్క, నేనూ అదే జరుగుద్దేమో చూద్దామని కూర్చున్నా. కాసేపు బానే అరుచుకున్నారు. ఆర్‌సీపీ90 దొరికినవాడు మిగతావాళ్ళని ఊడ్చేస్తున్నాడు, క్లాబ్ అనే తుపాకీ దొరికినవాడు దాంతో విసనకర్రలా విసురుకోవడమే, రెండింటికీ పోలికే లేదు. ఆడ్‌జాబ్ పొట్టి కాబట్టి గురి కుదరదు, వాడి కోసం కొట్లాట. టీవీలో పావు ముక్కలో ఎవడెక్కడున్నాడో పక్కవాడికి కనపడిపోతుంది. ప్రాక్సిమిటీ మైన్లతో ఒక రౌండు మాత్రం నిజంగా బ్రహ్మాండంగా నడిచింది, గోడల మీదా తలుపుల మీదా అతికించి ఎదురుచూడటం, ఎవడో అతికించి మర్చిపోయి వాడే పోవడం. ఆ తర్వాత ఒకడు ఫోన్ తీశాడు, రెండోవాడు తీశాడు, అరగంటలో నలుగురూ సోఫాలో పక్కపక్కనే కూర్చుని బీజీఎమ్ఐలో ఒక స్క్వాడ్ అయిపోయారు. టీవీలో గేమ్ సంగీతం ఒక్కటే మోగుతోంది.

వాళ్ళని తప్పుపట్టలేం. ఒకేచోట కూర్చుని అరుచుకునే సుఖం వాళ్ళకి వేరే దారిలో దొరుకుతోంది. స్విచ్‌లో ఆన్‌లైన్ కూడా పెట్టారు గానీ అందులో కూడా తెర నాలుగు ముక్కలే, అంటే పక్క దేశంలో ఉన్నవాడు కూడా మన ముక్కలోకి తొంగి చూడొచ్చు, ఈ సంప్రదాయాన్ని అంత భద్రంగా కాపాడిన పుణ్యాత్ములెవరో గానీ. నేననేది ఒకటే, ఇక్కడ గొప్పతనం మనుషులది, స్నేహాలది, వయసుది. గేమ్ ఒక సాకు. అదే మా వాడు, ఫ్రెండ్స్ వెళ్ళిపోయాక రాత్రి ఒక్కడే కూర్చుని ఫెసిలిటీని 00 ఏజెంట్‌లో 2 నిమిషాల 5 సెకన్లలోపు ముగించే ప్రయత్నం మొదలుపెట్టాడు, అలా ముగిస్తే చావులేని చీట్ దొరుకుతుంది. డోక్ దగ్గర గదిలో ఉంటేనే కుదురుతుంది, దూరం గదిలో ఉన్నాడంటే మొదటికే. వాడు డోక్‌ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

తర్వాత వచ్చినవాళ్ళు ఏం తీసుకున్నారు

దీని తర్వాత బాండ్ లైసెన్స్ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కి, ఆపైన యాక్టివిజన్‌కి వెళ్ళింది. 2004లో గోల్డెన్‌ఐ: రోగ్ ఏజెంట్ అని ఒకటొచ్చింది, పేరు తప్ప సినిమాకీ దానికీ సంబంధం లేదు. 2008లో క్వాంటమ్ ఆఫ్ సొలేస్, ట్రేయార్క్ వాళ్ళు చేశారు, కాల్ ఆఫ్ డ్యూటీ 4 ఇంజిన్ మీద, సినిమాతోపాటే షాపుల్లోకి వచ్చింది. డేనియల్ క్రెయిగ్ గొంతు, జూడీ డెంచ్ గొంతు, కసీనో రొయాల్ సీన్లు కూడా కలిపారు. చూడటానికి గోల్డెన్‌ఐ దీని ముందు అట్టముక్కల బొమ్మ. కానీ ఆడుతుంటే మనం సినిమాలో ఏం జరిగిందో అది జరిపించే కూలీలం, ఈ కారిడార్ అయ్యాక ఆ కారిడార్, అక్కడ పేలుడు, ఇక్కడ బటన్ నొక్కు. వెనక్కి తిరిగి వెళ్ళే పనే ఉండదు. సీన్లన్నీ ఉన్నాయి, చోటు లేదు.

2010లో నింటెండో వీ కన్సోల్ మీద గోల్డెన్‌ఐనే మళ్ళీ తీశారు, యూరోకామ్ వాళ్ళు, బ్రాస్నన్ బదులు క్రెయిగ్‌ని పెట్టి. మంచి గేమే, పై స్థాయిలో పనులు పెరిగే పద్ధతి ఉంచారు, ఆ మర్యాద దక్కించుకున్నారు. అయినా ఎటెళ్ళాలో చెప్తూనే ఉంటుంది, దెబ్బ తగిలితే కాసేపు గోడ చాటున నిలబడితే మానిపోతుంది, పాత పద్ధతి కావాలంటే క్లాసిక్ అని వేరే మోడ్ పెట్టుకోవాలి.

ఇక్కడ ఒక అనుమానం నన్ను వదల్లేదు, నిజాయితీగా రాస్తున్నాను. రేర్ వాళ్ళే 2000లో పర్ఫెక్ట్ డార్క్ చేశారు, ఏ సినిమా లేకుండా, అదే పద్ధతిలో, ఇంకా ఎక్కువ సామాన్లతో. అది కూడా బాగుంది. మరి సినిమా ఇచ్చిందేంటి, ఈ గొప్పంతా డిజైన్‌దే కదా? చాలావరకు అవును. కానీ రెండూ వెంట వెంటనే ఆడితే నాకు గోల్డెన్‌ఐ చోట్లే మనసులో నిలబడ్డాయి. ఆ సెట్లు గీసిన పీటర్ లామాంట్ బృందం నటులు నడవడానికి, కెమెరా తిరగడానికి గీశారు, వీడియో గేమ్ కోసం గీయలేదు, కాబట్టి ఆ తలుపు అక్కడెందుకుంది అంటే దానికి ఆటతో సంబంధం లేని కారణం ఉంది. వేరేవాళ్ళ కారణాలతో కట్టిన ఇంట్లోకి దొంగతనంగా దూరడంలో ఉన్న మజా, మనకోసమే కట్టిన ఇంట్లో ఉండదు. ఇది రుజువు చెయ్యగలిగిన మాట కాదు, ఆడినప్పుడు కలిగిన నమ్మకం అంతే.

ఆడదామనుకునేవాళ్ళకి: సినిమా ముందు చూడండి, లేకపోతే ట్రెవెల్యాన్ ఎవడో తెలియక బుర్ర గోక్కుంటారు. ఎక్స్‌బాక్స్ ఉంటే అందులోనే ఆడండి, చేతులకి సుఖం. ఏజెంట్ స్థాయి జోలికి పోవద్దు, అందులో సగం గేమ్ దాక్కునే ఉంటుంది, నేరుగా సీక్రెట్ ఏజెంట్‌లో మొదలెట్టి, ఒక్కో లెవెల్ ముందు ఫైల్ చదువుకుని వెళ్ళండి. సైలో కాస్త బోరు కొడుతుంది, స్ట్రీట్స్‌లో ట్యాంకు తోలడం ఒక్కటే సంబరం, ఓపిక పట్టండి. కంట్రోల్‌లో నటల్యా పదేపదే చస్తుంటే మాత్రం ఎవరికీ చెప్పకుండా ఏజెంట్‌కి దించుకుని దాటేయండి, నేనదే చేశాను.